సమస్యాపూరణం: నీరు మానిన మొక్కయే నిండఁ బూచె

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇదే చివరి పాదంగా వచ్చేలా మిగతా పద్యం అల్లాలి.

నీరు మానిన మొక్కయే నిండఁ బూచె

మొక్క నీరు మానితే ఎండుతుంది గాని పూయదు కదా అన్నదే ఇందులోని చిక్కు. ఇంట్లో కుండీలో పెరిగే, ఆకుల్లోనో కాండంలోనో నీరు దాచుకునే పూల సక్యులెంట్‌ను ఆధారంగా తీసుకొని, ఆ మొక్క స్వభావంతోనే ఈ చిక్కును విప్పవలసిందిగా సభ్యులను కోరాను. పదాన్ని విరిచి అర్థం మార్చడం మన సమస్యాపూరణంలో పాత మార్గమే అయినా, ఇక్కడ మొక్క తన గుట్టు తానే చెబుతున్నప్పుడు మాటను విరవవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. ఒకరు మూడవ పాదం చివర ‘క’ను నిలిపి, నాలుగవ పాదంతో కలిపి ‘కన్నీరు మానిన’ అని పూరించారు. ఊహ బాగుంది, కాని ద్విత్వానికి ముందున్న ఆ ‘క’ గురువవుతుంది. తేటగీతి పాదం సూర్యగణంతో, అంటే లఘువుతో ముగియాలి కనుక అక్కడ గణభంగం జరిగింది. ఆ పూరణను స్వీకరించలేకపోయాను.

కర్నూలు సభ్యురాలు:

అడెనియమ్ముకుఁ జలిలోన నాకు రాలఁ
దడిని మాన్పితి, నెండలోఁ దపముఁ జేసి
చైత్ర మాసము రాఁగనే చిగురు దొడిగి
నీరు మానిన మొక్కయే నిండఁ బూచె

ఎడారి గులాబి అని పిలిచే ఈ అడెనియంను ఆరేళ్ళుగా పెంచుతున్నాను. చలికాలంలో ఆకు రాల్చినప్పుడు నీళ్ళు ఆపేస్తే, ఎండలు ముదరగానే కొమ్మకొమ్మకూ మొగ్గ వేస్తోంది.

నిర్వాహకుడు:

అమ్మా, మొదటి రెండు పాదాల నడక చక్కగా ఉంది. మూడవ పాదంలో మాత్రం యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో ఉండవలసిన పొత్తు, తప్పింది. ‘చై’లోని ఐకారానికి అ, ఆ, ఔలతో మైత్రి ఉంది గాని, ‘చి’లోని ఇకారంతో లేదు. గణాలు సరిపోయాయి కనుక చివరి రెండు గణాలు మార్చుకుంటే చాలు.

విజయవాడ సభ్యుడు:

అమ్మగారు అనుమతిస్తే ఒక సవరణ చెబుతాను. రెండవ పాదంలో ఇప్పటికే తపస్సు వచ్చింది. ఆ భావాన్నే సాగదీస్తే యతి కూడా కుదురుతుంది.

చైత్ర మాసము రాఁగనే జడలు విప్పి

నిర్వాహకుడు:

ఇది మేలైన సవరణ. ఆకు లేని కొమ్మలను జడలుగా చూడడం ఎడారి గులాబిని కళ్ళారా చూసినవారికే తోస్తుంది. అయితే పద్యం చదివి లేతమొక్కలకు కూడా ఎవరైనా నీళ్ళు ఆపుతారేమోనని ఈ మాట చెబుతున్నాను. తపస్సు చేయగలిగేది ఉబ్బిన కాండంలో నీరు దాచుకున్న మొక్క మాత్రమే. గింజ నుంచి లేచి ఏడాది నిండని మొక్కకు ఆ నిల్వ ఉండదు. కోస్తాలో చలి తక్కువ గనుక కొన్ని మొక్కలు ఆకు రాల్చనే రాల్చవు. వాటికి నీరు పూర్తిగా మాన్పకుండా, మట్టి లోపలి దాకా ఆరిన తరువాతనే కొద్దికొద్దిగా ఇవ్వాలి. అరుదైన రేకల రకాల గింజలు నాటినవారు తల్లిపూవు రంగునే ఆశించి నిరాశపడుతుంటారు. గింజ నుంచి ఆ రంగే వస్తుందన్న నమ్మకం లేదు. కోరిన పూవు కావాలంటే మామూలు గింజమొక్క మీద అంటు కట్టవలసిందే.

న్యూజెర్సీ సభ్యుడు:

రాయి యనుకొంటి మొదటను, రాతి నడుమఁ
బాప యాకులు తల్లివౌ పాలు పీల్చి
చుక్క నీరునుఁ బోయక చూచుచుండ
నీరు మానిన మొక్కయే నిండఁ బూచె

ఇక్కడ మంచు కురిసే నెలల్లో కిటికీ దగ్గర గులకరాళ్ళలా కనిపించే లిథాప్స్ మొక్కలు పెంచుతున్నాను. పాత ఆకుల జత ఎండిపోతూ తనలోని నీటినంతా లోపలి కొత్త జతకు ఇవ్వడం చూసినప్పుడు తల్లిపాలే గుర్తుకువచ్చాయి.

నిర్వాహకుడు:

‘తల్లివౌ పాలు’ అని బహువచనం సరిగా పాటించారు. అక్కడ చాలామంది ‘తల్లిదౌ’ అని పొరబడతారు. మూడవ పాదంలో ‘నీరు’ వచ్చి, వెంటనే సమస్యలో మళ్ళీ ‘నీరు’ రావడం వల్ల చిక్కు విప్పకముందే బయటపడిపోయింది. దాని బదులు ఇలా అనవచ్చు.

చెమ్మ నొక్కింతఁ జూపక చెంత నుండ

భాష కంటే పెద్ద చిక్కు క్రమంలో ఉంది. లిథాప్స్ వేసవి నిద్ర నుంచి లేచి, శరత్తులో ఆకుల నడిమి చీలిక నుంచి ముందు పూవు తీస్తుంది. ఆ పూవు వాడిన తరువాతనే లోపల కొత్త జత పెరుగుతుంది. నీరు అసలు పోయకూడని కాలం ఆ రెండవ ఘట్టమే. మీ పద్యంలో పాలు తాగడం ముందు, పూయడం తరువాత జరిగాయి. మొక్కను ఇంత దగ్గరగా గమనించినవారు ‘పాప యాకులు’ అన్న మాటను వదులుకోకుండానే ఈ క్రమాన్ని సరిచేయగలరని నమ్ముతూ, మరొక పూరణ కోరుతున్నాను. 1811లో దక్షిణాఫ్రికాలో ప్రకృతిశాస్త్రవేత్త బర్చెల్ వింత గులకరాయి అనుకొని చేతిలోకి తీసుకున్నది ఈ మొక్కనే కనుక, మీ మొదటి పాదానికి రెండు వందల ఏళ్ళకు పైబడిన సాక్ష్యం ఉంది.

అనంతపురం సభ్యుడు:

కొండబండనుఁ బుట్టిన కొమ్ముఁ దెచ్చి
యిసుక కుండను నాటితి, నీఁగ లెల్ల
మూఁగి వచ్చిన దినమునే ముదముఁ గంటి;
నీరు మానిన మొక్కయే నిండఁ బూచె

నిర్వాహకుడు:

ఈగలు ముసిరిన రోజున ఆనందించానని చెప్పిన కవిని నేను ఇదివరకు చూడలేదు. మొక్క తెలిసినవారికి అది అక్షరసత్యం. కొమ్మ చివర గుత్తిగా ముదురు ఊదారంగు పూలు పూసే కుందేటి కొమ్ముల జాతి కుళ్ళిన మాంసపు వాసనతో ఈగలను పిలుస్తుంది. దాని పరాగసంపర్కం వాటి చేతనే జరుగుతుంది. తుమ్మెదను పక్కకు పెట్టి ఈగను పద్యంలోకి పిలిచిన ఈ తెగువ నాకు ఎంతో నచ్చింది.

అయినా రెండు అభ్యంతరాలున్నాయి. మొక్క పేరు ఎక్కడా లేకపోవడంతో ‘కొమ్ము’ ఏ జంతువుదో అన్న సందేహం మిగిలింది. కొండ మీది మొక్కను పెకలించి తెచ్చినట్లు రాయడం కూడా నాకు మనసొప్పలేదు. బండల సందులో ఏళ్ళ తరబడి నిలదొక్కుకున్న మొక్కను లేపుకుపోతే ఆ చోటు బోసిపోతుంది. పెంచేవారి దగ్గర ఒక్క కొమ్మ అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది. ఈ రెండింటికీ కలిపి నా సవరణ ఇది.

కొండ కుందేటికొమ్మునుఁ గుండ నుంచి
యిసుకలోపలఁ బెంచితి, నీఁగ లెల్ల

మన సభకు ఈ మొక్క మీద ప్రత్యేకమైన హక్కు ఉంది. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో దీని జాతి మొక్కను వర్ణిస్తూ, తెలుగువారు ‘కారల్లము’ అంటారని నమోదు చేశాడు. ఆ మాట నుంచే మరో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ కారల్లుమా అనే ప్రజాతి నామం కల్పించాడు. శాస్త్రం తెలుగు నుంచి తీసుకున్న పేరును మనం పద్యంలో పెట్టకపోతే మరెవరు పెడతారు?

కర్నూలు సభ్యురాలు:

మా ఇంటి కుందేటికొమ్ము కాయ కాసింది. జంట కొమ్ముల్లాంటి కాయలు పగిలి, దూది అంటిన గింజలు గాలికి పోతున్నాయి. ఏమి చేయమంటారు?

అనంతపురం సభ్యుడు:

అమ్మా, కాయ పసుపుబారక ముందే పలుచని బట్టసంచి తొడిగి దారంతో కట్టండి. గింజలు అందిన వెంటనే ముతక ఇసుక మీద చల్లి, పైపైన తడి చిలకరించండి. పాతబడిన కొద్దీ మొలకలు తగ్గుతాయి.

రాజమహేంద్రవరం సభ్యురాలు:

గాయ మాఱఁగ వారముఁ గాచి, పిదప
నాటఁగా బ్రహ్మకమలమ్ము నడిమిరేయి
తెల్లవాఱక ముందుగాఁ దేజరిల్లె;
నీరు మానిన మొక్కయే నిండఁ బూచె

నిర్వాహకుడు:

ధార నిర్దోషంగా ఉంది, అన్వయం మాత్రం సన్నగిలింది. ఇక్కడ నీరు మానింది కోసిన ముక్క, అదీ వారం రోజులే. పూవు వచ్చేది ఏళ్ళు గడిచాక. పైగా మన ఇళ్ళలో బ్రహ్మకమలం అని పిలుచుకునే ఈ నిశిపుష్పం మెక్సికో వైపు అడవుల్లో చెట్ల మీద బతికే కాక్టస్ గనుక దానికి కరవు నచ్చదు. అయితే మీరు ఒక మంచి అవకాశానికి చాలా దగ్గరగా వచ్చారు. ‘మాను’ అంటే విడిచిపెట్టడమే కాదు, గాయం నయం కావడం కూడా. మొదటి పాదాన్ని ‘కోఁత మానఁగ వారముఁ గోరి యుంచి’ అని ఎత్తుకుంటే, కోత మానడం, నీరు మానడం ఒకదానికొకటి బదులు పలుకుతాయి.

వరంగల్లు సభ్యుడు:

మూఁడు మొక్కల కెప్పుడు మోజుతోడ
నిత్య మభిషేక మొనరించి నేలఁ గలిపి
మఱచి విడిచితి నాల్గవ మట్టికుండ;
నీరు మానిన మొక్కయే నిండఁ బూచె

ఇవి హువర్నియా మొక్కలు. చారల రేకల నడుమ గాజు కంకణంలాంటి మెరిసే వలయం ఉన్న పూవు కోసం ఎంతో ఆశతో తెప్పించాను. మూడు మొదలంటా నల్లబడి పోయాయి. నాలుగవది అటక గోడ పక్కన ఉండిపోయింది.

నిర్వాహకుడు:

ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. ‘అభిషేకము’ అన్న ఒక్క మాటలో ప్రేమ, పొరపాటు రెండూ నిలిచాయి. నీరు నిలిచిన మట్టిలో వేళ్ళకు గాలి అందదు, కుళ్ళు వేరు దగ్గర మొదలై పైకి పాకుతుంది. మనకు పైన నలుపు కనిపించేసరికి లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది. అప్పుడు కూడా నలుపుకు పైన పచ్చగా ఉన్న కొమ్మను శుభ్రమైన కత్తితో కోసి, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, పొడి ఇసుక మీద పడుకోబెడితే కొత్త వేరు వేసే అవకాశం ఉంది.

విజయవాడ సభ్యుడు:

అయ్యా, మరచిపోవడమే పెంపకమని కొత్తవారు అనుకోరా? పెరిగే కాలంలో హువర్నియాకు నీరు కావాలి కదా?

నిర్వాహకుడు:

కావాలి. మట్టి పూర్తిగా ఆరాక తృప్తిగా పోసి, మళ్ళీ ఆరేదాకా ఆగాలి. వర్షాకాలంలో కుండీని చూరు కిందికి చేర్చాలి. పద్యంలోని మరపు ఆ ఒక్క కుండీ కథకే పరిమితం.

వచ్చే వారం సమస్య ఆటవెలది పాదం.

ఆకు రాలి తల్లి యయ్యె నౌర

అందరి మనసూ ముందు, రాలిన ఆకు అంచున పిల్లలు వేసే రణపాల మీదికి పోతుందని తెలుసు. రాక్స్‌బర్గ్ తరువాత సామర్లకోట తోటను చూసుకున్న బెంజమిన్ హేన్, ఆ ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉండి మధ్యాహ్నానికి రుచి కోల్పోతుందని గుర్తించాడు. ఆ లేఖ 1815లో అచ్చయింది. ఆకులు రాత్రివేళ గాలి పీల్చి పులుపుగా దాచుకుంటాయన్న సంగతికి అది తొలి ఆనవాళ్ళలో ఒకటి. రణపాలను ఎంచుకునేవారు ఆ పులుపును కూడా పద్యంలోకి తెస్తే సంతోషిస్తాను. ఎచెవేరియా అనే సక్యులెంట్ ఆకును మట్టి మీద పెట్టి, అది ముడుచుకుపోతూ పిల్లను పెంచడం రోజూ చూస్తున్నవారు ఆ చూసినదే రాయండి.