‘కమ్మరీడు’ అనాలా, ‘క్రమముగాను’ అనాలా?

అన్నానగర్ వాసి: దవడ ఎముకలో దించిన నా ఇంప్లాంట్ మీది పన్ను మళ్ళీ కదిలింది. డాక్టరు స్క్రూ బిగించి, పది నిమిషాలు ఆగి ఇంకోసారి బిగించారు. నోరు తెరిచి కూర్చున్నంతసేపూ వేమన పద్యం ‘ఇనుము విరిగెనేని యినుమాఱు ముమ్మాఱు’ బుర్రలో తిరుగుతూనే ఉంది. తర్వాత ‘కాచి యతుకనేర్చు’... కమ్మరీడా? మా నాన్నగారు ‘క్రమముగాను’ అనేవారు.

పెరంబూరు మేష్టారు: కమ్మరీడే. ‘నేర్చు’ అన్నాక నేర్చేవాడొకడు ఉండాలిగా! ‘క్రమముగాను’ కావాలంటే ముందు ‘అతుకవచ్చు’ అని ఉండాలి. బండి ఱ వదలనందుకు మాత్రం సంతోషం.

టి.నగర్ శర్మ: గణాలు రెండింటికీ సరిపోతాయి, యతీ కుదురుతుంది. ఛందస్సును సాక్ష్యానికి పిలిచి లాభం లేదు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించింది మన మద్రాసులోనే. ఆయన తాళపత్రాలు ఇక్కడి ప్రాచ్య లిఖిత భాండాగారంలోనే ఉన్నాయి. ఓపికున్నవారు వెళ్ళి చూడొచ్చు.

పంటి డాక్టరమ్మ: అసలది అతుకే కాదండీ, బిగింపు. స్వీడన్ డాక్టరు బ్రానెమార్క్ తెచ్చిన పాత రకంలో ఇంప్లాంట్ నెత్తిన 0.7 మి.మీ. ఎత్తు షడ్భుజం ఉండేది. నమిలేటప్పుడు పక్కనుంచి పడే బలమంతా దాదాపు స్క్రూనే మోయాలి. లోపలికి దిగే శంకువు రకంలో గోడలు ఒరుసుకుని చాలా భారం అవే తీసుకుంటాయి. మీది ఏ రకం?

అంబత్తూరు లేతు: మా షాపులో డ్రిల్లు బిట్టు లోపలికి సన్నబడే మోర్స్ టేపర్‌లో నిలిచేదీ ఆ ఒరుపుతోనే. ఇక స్క్రూ అంటే సాగదీసిన స్ప్రింగే. 30, 35 న్యూటన్ సెంటీమీటర్లకు (మెలితిప్పే బలం కొలత అది) బిగిస్తే పిసరంత సాగి రెండు ముక్కల్నీ లాగిపట్టుకుంటుంది. లోహం మీది గరుకు మిట్టలు నలిగాక ఆ పట్టు కొంత తగ్గుతుంది, అందుకే రెండోసారి బిగించేది. అదే ఇనుమాఱు, అంటే రెండుసార్లు! నా ఓటు ‘క్రమముగాను’కే.

మేష్టారు: కొలిమి చూడనివాళ్ళ మాట అది. కాచి, కొట్టి, మళ్ళీ కాస్తే గానీ ఇనుము అతకదు. ఇనుమాఱు ముమ్మాఱు అన్నది కాచడానికే అన్వయం.

శర్మ: విరగడానికి ఎందుకు కాకూడదు? ఎన్నిసార్లు విరిగినా అతుకుతాడనేగా కమ్మరి గొప్ప!

అన్నానగర్ వాసి: నాది శంకువు రకమేనట. మరెందుకు వదులైనట్టు?

డాక్టరమ్మ: రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా? పై పన్ను సరిగ్గా కూర్చోకపోయినా అంతే. ఎక్స్‌రేలో సందు ఉందేమో చూడమనండి.

శర్మ: మూడో పాదం ఎవరూ ఎత్తరేం? ‘మనసు విరిగెనేని’ తర్వాత ‘మఱి యంటనేర్చునా’యా, ‘మఱి చేర్చరాదయా’యా?