నాలుగు ఆదివారాలు వెళ్లాను, పిల్లవాడు నోరు విప్పడం లేదు

కాజీపేట లోకో:
అన్నలకు, అక్కలకు నమస్తే. నేను ఐటీఐ ఫిట్టర్ చేసి కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఆగస్టు నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున హన్మకొండలో గిరిజన బాలుర హాస్టల్‌కు ఆదివారం పదింటికి వెళ్తున్నాను. ఒక్కో వాలంటీర్‌కు ఒక్కో పిల్లవాడు. నాకు అప్పగించిన బాబు పదో తరగతి. ఊరు ఏటూరునాగారం దాటి లోపలికి. నాన్న లేడు, అమ్మ కూలికి వెళ్తుంది.

శిక్షణలో చెప్పినట్టే ఫారం ముందు పెట్టుకుని 'నీ లక్ష్యం ఏంటి, నీకు ఏం బాగా వచ్చు' అని అడిగాను. తల దించుకుని "ఏం లేదు సార్" అంటాడు. గంటన్నరలో పది మాటలు కూడా రావు. మూడో వారం డ్యూటీ పడి వెళ్లలేకపోయాను. వార్డెన్‌కు ఫోన్ చేసి చెప్పాను. మళ్లీ వెళ్లేసరికి ఇంకా దూరం జరిగి కూర్చున్నాడు. ఆ ఆదివారం పదింటి నుంచి అన్నం గంట కొట్టేదాకా గేటు దగ్గరే ఉన్నాడని పక్క పిల్లవాడు చెప్పాడు. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

నాకు రెండు సంగతులు తెలియాలి. వాణ్ని ఎలా మాట్లాడించాలి? చెప్పులు తెగిపోయాయి, మంచి షూ కొనిస్తే దగ్గరవుతాడా? రెండోది, సంక్రాంతి తర్వాత నాకు సికింద్రాబాద్ దగ్గర లాలాగూడ షెడ్‌కు బదిలీ అయ్యేలా ఉంది. ఇప్పుడే చెప్పాలా? లేక ఇంకా దగ్గర కాకముందే వేరే వాళ్లకు అప్పగించాలా? దీని గురించి చాలా టెన్షన్‌గా ఉంది.

వేపచెట్టు:
తమ్ముడూ, నేను 1998 నుంచి 2003 దాకా మహబూబాబాద్‌లో ఎస్టీ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మాది తండా, ఇంట్లో లంబాడీల భాష గోర్‌బోలీ. 'నీ లక్ష్యం ఏంటి' అని ఎవరైనా అడిగితే అది పరీక్ష పేపర్లో ప్రశ్నలా ఉండేది. తప్పు రాస్తే మార్కులు పోతాయన్న భయం. ఆ ఫారం ఇంట్లో పెట్టేసి వెళ్లు.

గేటు దగ్గర కూర్చున్నాడంటే నిన్ను నమ్మాడు. నీ మీద కోపం ఉంటే ఇప్పుడు ఎదురుగా కూర్చోడు కూడా. ఈసారి రాలేకపోతే వార్డెన్ సార్‌కు చెప్పి ఊరుకోకు, ఫోన్ వాడికి ఇప్పించి వాడితోనే చెప్పు. మా హాస్టల్‌కు నెలకో ఆదివారం అమ్మానాన్నలు వచ్చేవాళ్లు. మా అమ్మకు బస్సు చార్జీ ఒక బరువు, ఆ రోజు కూలి పోవడం ఇంకో బరువు. అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుతుంటే నేను నల్లా దగ్గర బట్టలు ఉతుకుతూ ఉండేవాణ్ని. ఉతికినవే మళ్లీ ఉతికేవాణ్ని. ఎవరైనా అడిగితే పని ఉందని చెప్పొచ్చు కదా.

డిగ్రీ చదివే ఒక అన్న మా దగ్గరికి వచ్చేవాడు. నన్నేమీ అడగలేదు. తన సైకిల్ చైన్ ఊడదీసి కిరసనాయిల్‌తో కడగమనేవాడు, తను బ్రేకులు బిగించేవాడు. మూడు నెలలయ్యాక ఒకరోజు చైన్‌కు నూనె పెడుతూ నేనే చెప్పాను, మా నాన్న తాగి వచ్చి అమ్మను కొడతాడని. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. నీ చేతిలో పని ఉంది తమ్ముడూ. హాస్టల్లో తిరగని ఫ్యాను, కారే నల్లా తప్పకుండా ఉంటాయి. వార్డెన్ సార్‌ను అడిగి, మెయిన్ ఆపించి, వాడికి టెస్టర్ ఇచ్చి పక్కన నిలబెట్టుకో.

షూ కొనకు. ఆ గదిలో మిగతా వాళ్ల చెప్పులు కూడా తెగే ఉంటాయి. కొనాల్సిందే అనిపిస్తే సంస్థతో మాట్లాడి అందరికీ ఇప్పించు.

బదిలీ సంగతి వచ్చే ఆదివారమే చెప్పు. ఆ డిగ్రీ అన్న దసరా తర్వాత రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. నేనేదో తప్పు చేశాననే రెండేళ్లు అనుకున్నాను. ఉద్యోగం వచ్చి వెళ్లాడని తర్వాత తెలిసింది. ఈ ఒక్క మాట నా కోసం గుర్తుపెట్టుకో.

రిటైర్డ్ హెచ్‌డబ్ల్యూవో:
బాబూ, హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్‌గా (హెచ్‌డబ్ల్యూవో) ముప్పై ఏళ్లు హాస్టళ్లు చూసినవాణ్ని. పై మాటలన్నీ నిజం. నేను కాగితాల సంగతి చెప్తాను.

పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) స్కూల్ నుంచి బోర్డుకు వెళ్లకముందే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిచూడు. మెమోలో ఒక అక్షరం తప్పు పడితే స్కాలర్‌షిప్ దగ్గర, ఉద్యోగం దగ్గర ఆ పిల్లవాడు ఏళ్లతరబడి తిరగాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో ఇప్పుడే పెట్టించు.

ఇంకోటి, దసరా సెలవులు. మీ బాబు ఊరి వైపు అప్పుడే పత్తి ఏరడం మొదలవుతుంది, సంక్రాంతి దాటాక మిరప. సెలవులకు వెళ్లిన పిల్లలు ఆ పనుల్లోనే ఆగిపోతారు. స్కూల్ తెరిచే ముందు రోజు వాళ్లమ్మకు ఫోన్ చెయ్యి. 1991 నుంచి ఎంవీ ఫౌండేషన్ పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చిందంటే, ఒకే గడపకు విసుగు లేకుండా మళ్లీ మళ్లీ వెళ్లిన ఊరి యువకుల వల్లే.

పది అయిపోతే ఈ హాస్టల్ కూడా అయిపోతుంది. పరీక్షలు రాసి పెట్టె సర్దుకుని వెళ్లాక, పాలిటెక్నిక్‌కు రాసే పాలిసెట్ ఎప్పుడు, ఐటీఐ దరఖాస్తు ఎప్పుడు, బాసర ట్రిపుల్ ఐటీలో పది మార్కుల మీద సీటు ఇస్తారట కదా అని వాడు ఎవర్ని అడగాలి? లాలాగూడలో ఉన్నా ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీ ఫోన్ అందాలి. వేరే వాళ్లకు అప్పగిస్తే ఇదంతా మొదటికి వస్తుంది.

మణుగూరు టీచర్:
తమ్ముడూ, బాబు వాళ్లింట్లో కోయ భాష మాట్లాడతారేమో కనుక్కో. మా బడిలో అలాంటి పిల్లల్ని ముందు మొద్దులనుకుంటారు. రెండు మాటలు నాకు నేర్పమని నేను అడుగుతాను. నేను తప్పు పలికితే నవ్వుతారు, ఆ రోజు నుంచి పలుకుతారు.

జాగ్రత్త కూడా చెప్పాలి. వాణ్ని ఒంటరిగా గదిలోకో బయటికో తీసుకెళ్లకు, అందరికీ కనబడేలా వరండాలో కూర్చోండి. ఫోటోలు స్టేటస్‌లో పెట్టకు. తనను ఎవరైనా హింసిస్తున్నారని చెప్తే 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకు. 1098కి ఫోన్ చెయ్యి. లైంగిక వేధింపు అయితే తెలిసినవాళ్లు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టంలోనే ఉంది.

కాజీపేట లోకో:
అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. నిన్న వెళ్లాను. స్టడీ హాల్లో ఒక ఫ్యాను తిరగడం లేదు, కెపాసిటర్ పోయింది. ఇద్దరం కలిసి మార్చాం. స్టూల్ పట్టుకుని నిలబడి, రైలింజన్‌కు కరెంటు ఎట్ల వస్తదని తనే అడిగాడు. పైన తీగను తాకుతూ కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్, తీగలో ఇరవై ఐదు వేల వోల్టులు అని చెప్తే "ముట్టుకుంటే సార్?" అన్నాడు. అరగంట అదే మాట్లాడుకున్నాం. వేపచెట్టు అన్నా, మీ సైకిల్ చైన్ గుర్తొచ్చింది.

బదిలీ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "లాలాగూడ నుంచి ఫోన్ కలుస్తదా?" అన్నాడు. ఆదివారం పదింటికే చేస్తానని మాటిచ్చాను, నంబరు తన లెక్కల నోట్‌బుక్ వెనక రాసుకున్నాడు. ఇంట్లో కోయే అట.

హెచ్‌డబ్ల్యూవో సార్, మీరన్నట్టే ఆధార్ చూశాను. పుట్టిన సంవత్సరం స్కూల్ రికార్డుకు ఏడాది తేడా ఉంది. ఇంట్లోనే పుట్టాడట, బర్త్ సర్టిఫికెట్ లేదు. బుధవారం నాకు వీక్లీ ఆఫ్, వాళ్ల హెడ్మాస్టర్‌ను కలుస్తాను. ఏమేం కాగితాలు పట్టుకెళ్లమంటారు?