సన్నాయి రింగ్‌టోన్: మిడిలోనే ఉంచాలా, ఆడియో చేసేయాలా?

పెళ్లిపందిరి:
వచ్చే నెల అక్క పెళ్లి. నాన్న కీప్యాడ్ ఫోన్ కోసం మోహనంలో ఎనిమిది సెకన్ల సన్నాయి ముక్క, వెనకాల డోలు పెట్టి మిడి ఫైలు చేశాను. ల్యాప్‌టాప్‌లో సన్నాయి ప్లగిన్ తగిలించి వింటే పందిట్లో కూర్చున్నట్టే ఉంది. ఫోన్లోకి ఎక్కించాక సన్నాయి చోట చిరుగంటలు, డోలు చోట పియానో! ఎగుమతి చేసేటప్పుడు సన్నాయికి వాయిద్యం నంబరు 112 కొట్టాను, డోలుని పదో ట్రాక్‌లోనే పెట్టాను. ఈ గొడవంతా ఎందుకు, ఎంపీ3 చేసి పడెయ్ అంటున్నాడు మావాడు. మీరైతే ఏం చేస్తారు?

కీబోర్డు మాస్టారు:
తమ్ముడూ, మిడిని తిట్టకు, రెండు తప్పులూ నీవే. మిడి ఫైల్లో శబ్దం ఉండదు. ఫలానా ఛానల్లో ఫలానా స్వరం పట్టు, వదులు అనే ఆదేశాలే ఉంటాయి. వాయించేది ఫోన్లోని సింథ్, అంటే ఆ ఆదేశాల్ని శబ్దంగా మార్చే భాగం. నీ ప్లగిన్ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.

1991 నాటి జనరల్ మిడి పట్టికలో 128 వాయిద్యాలకు 1 నుంచి 128 దాకా నంబర్లు. ఫైల్లోకి వెళ్లేసరికి అవే 0 నుంచి 127. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒకటి నుంచి లెక్కపెడతాయి, కొన్ని సున్నా నుంచి. నీది రెండో రకం. 112 కొడితే పట్టికలో 113వది పలికింది, దాని పేరు టింకిల్ బెల్. నీ చిరుగంటలు అవే. నమ్మకం లేకపోతే ఫైల్లోని అంకెల్ని పదహారు లెక్కలో చూపించే హెక్స్ ఎడిటర్లో తెరువు. ఒకటో ఛానల్ అయితే వాయిద్యం మార్చే ఆదేశం సీ0 పక్కన 70, అంటే మన లెక్కలో 112, కనిపిస్తుంది. అక్కడ 6ఎఫ్, అంటే 111 ఉండాలి.

డోలు సంగతి. ట్రాక్ వేరు, ఛానల్ వేరు. ట్రాకులు మన సౌకర్యానికి, ఎన్నైనా పెట్టుకో. ఛానళ్లు 16 మాత్రమే, అందులో తాళవాద్యాలకిచ్చింది 10వది. నీ పదో ట్రాక్ వేరే ఛానల్‌కి పోతోంది. అక్కడ వాయిద్యం ఏదో నువ్వు చెప్పలేదు, అందుకే పట్టికలో మొదటిదైన పియానో అందుకుంది. సున్నా నుంచి లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లో అయితే 10వ ఛానల్ 9 అని కనిపిస్తుంది, జాగ్రత్త.

ఎంపీ3 చాలు:
మాస్టారి పాఠం బాగుంది గానీ, అన్నీ సరిచేశాక వచ్చేది ఏ సన్నాయి? మనం నాదస్వరాన్నీ సన్నాయే అంటాం. పట్టికలో ఉన్నది హిందుస్తానీ షెహనాయి, అదీ ఒక్కో ఫోన్లో ఒక్కోలా పలుకుతుంది. పెళ్లికి కావలసింది పొడుగాటి నాదస్వరం. ల్యాప్‌టాప్‌లో బాగున్నదాన్నే ఆడియోగా తీస్తే ఏ ఫోన్లోనైనా అదే మోగుతుంది. ఇక మోహనం గమకాలు ఈ మీటల లెక్కలో ఎక్కడ వస్తాయి?

గమకం:
వస్తాయండీ, కొంతవరకు. స్వరాన్ని జార్చే ఆదేశం పిచ్ బెండ్, మామూలుగా రెండు అర్ధస్వరాలు పైకి, రెండు కిందికి. రిషభం నుంచి గాంధారానికి జారడం అందులో సరిపోతుంది. గాంధారం నుంచి పంచమానికి మూడు అర్ధస్వరాల దూరం, అక్కడ తెగుతుంది. బెండ్ పరిధి పెంచే ఆదేశం ఉంది, అన్ని ఫోన్లూ దాన్ని పట్టించుకోవు. ఇంకోటి, బెండ్ స్వరానికి కాదు, ఛానల్ మొత్తానికి. శ్రుతినీ సన్నాయినీ ఒకే ఛానల్లో పెట్టారో, సన్నాయి జారినప్పుడల్లా శ్రుతీ జారుతుంది. ఒకసారి నేను అలాగే పెట్టాను, షడ్జమం ఊగుతుంటే కడుపులో తిప్పినట్టయింది! అయినా నా ఓటు మిడికే.

తీన్‌మార్:
డోలు గురించి ఎవ్వరూ చెప్తలేరేంది? జనరల్ మిడి తాళాలల్ల డోలు లేదు, డప్పు గూడ లేదు. 10వ ఛానల్ల మీటలు స్వరాలు కావు, ఒక్కో మీటకు ఒక్కో వాయిద్యం. 36 బేస్ డ్రమ్. గా చిన్న స్పీకర్ల అది వినవడనే వినవడదు. నేనైతే 62, 64 కాంగాలు, అంటే చేతులతోని కొట్టే పొడుగు డ్రమ్ములు, కలిపి కొడత. డోలు గాదు గని, దరువు తెలుస్తది.

ఎంపీ3 చాలు:
ఎనిమిది సెకన్ల ముక్కకి ఇంత చెమటా! ఫోన్ ఎత్తేలోపే అయిపోతుంది కదయ్యా.

పెళ్లిపందిరి:
111 చేశాను మాస్టారూ, షెహనాయి వచ్చింది. డోలుకి తీన్‌మార్ అన్న చెప్పిన కాంగాలే వేశాను. చిక్కొకటి మిగిలింది. నాన్న బజారుకి తీసుకెళ్తే రింగ్ వినపడలేదట. ముందు తప్పుగా వచ్చిన గంటలే నయం, కూరగాయల కొట్టు దగ్గర కూడా వినిపించాయి అంటున్నారు.

కీబోర్డు మాస్టారు:
గంటలు పై స్థాయివి, అందుకే వినపడ్డాయి. సన్నాయి స్వరాల నంబర్లన్నీ 12 పెంచు, ఒక స్థాయి పైకెక్కుతుంది. కాంగాల్ని మాత్రం ముట్టుకోకు, 10వ ఛానల్లో 12 పెంచితే వాయిద్యమే మారిపోతుంది.

పెళ్లిపందిరి:
అయ్యో, అన్నీ కలిపి పెంచేశాను. డోలు చోట ఈల మోగుతుంటే ఏమిటా అనుకున్నా.

గమకం:
64కి 12 కలిపితే 76, అది ఉడ్‌బ్లాక్. ఈల కాదే?

తీన్‌మార్:
ఇంకోటి 72 అయిందో ఏమో, గది ఈలనే. గ మీట ఏదో చెప్పు తమ్మీ.

పెళ్లిపందిరి:
60 కూడా ఒకటి వాడాను అన్నా, బొంగో. ఇప్పుడు వెనక్కి తగ్గిస్తున్నా.