హాస్టల్ హైస్కూళ్లలో టెన్త్ వాళ్ల పెత్తనం: ఎంతవరకు మామూలు?

గోరింట_కొమ్మ:
మా బాబు ఈ ఏడాదే ఎనిమిదో తరగతిలో గురుకులంలో చేరాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గోల. టెన్త్ అన్నలకు బకెట్లో నీళ్లు పట్టి పెట్టాలట, వాళ్లయ్యాకే వీళ్ల స్నానాలట, కింది మంచం ఖాళీగా ఉన్నా జూనియర్లు పడుకోకూడదట. ఎవరూ కొట్టలేదనే చెబుతున్నాడు. నాకు మూడు విషయాలు తెలియాలి. ఇది అన్నిచోట్లా ఉండేదేనా? ప్రిన్సిపాల్‌కి చెబితే మళ్లీ వాడి మీదకే వస్తుందా? అమ్మాయిల హాస్టళ్లలో కూడా ఇంతేనా?

పాత_ట్రంకుపెట్టె:
ఉండేదేనండీ. మేమూ పట్టాం, తర్వాత మాకూ పట్టారు. టెన్త్ వాళ్లను తెల్లవారుజామునే స్టడీ అవర్‌కి లేపుతారు. ఉన్న నాలుగు కుళాయిల దగ్గర హాస్టలంతా ఎగబడితే వాళ్లు స్టడీకి ఎప్పుడు కూర్చోవాలి? పబ్లిక్ పరీక్ష ఉన్నది వాళ్లకే కదా. ఈ మాత్రానికే ప్రిన్సిపాల్ దాకా వెళ్తే ఎలా?

నీలిరంగు_సిరా:
ముందు స్నానం చేయడం వేరు, ఇంకొకడి చేత నీళ్లు మోయించడం వేరు. పబ్లిక్ పరీక్ష రాసేవాడికి చేతులు లేవా?

మా హాస్టల్లో ట్యాంకు నీళ్లు ఆరింటికల్లా అయిపోయేవి. టెన్త్ వాళ్ల బకెట్ల మీద పెయింట్‌తో రోల్ నంబర్లు ఉండేవి. వాటిని నింపి, నంబరు బయటికి కనిపించేలా వరండాలో వరసగా పెట్టాలి. మా వంతు వచ్చేసరికి కుళాయి బుస్సుమని గాలి కొట్టేది. తల తడుపుకుని, దువ్వుకుని అసెంబ్లీకి పరిగెత్తేవాళ్లం. అక్కడ పీఈటీ సారు కాలర్ వెనక్కి లాగి, మెడ మీద మట్టి చూసి మమ్మల్నే బాదేవాడు, స్నానం చేయలేదని! మా నీళ్లతో స్నానం చేసిన మహానుభావుడేమో తెల్లగా మెరిసిపోతూ, లీడర్ బ్యాడ్జీ పెట్టుకుని సారు పక్కనే నిలబడేవాడు.

కంచుగంట:
సర్వీసంతా వార్డెన్‌గా చేసినవాణ్ని. పైన రాసిన ఇద్దరికీ విషయం సగమే తెలుసు. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టారు. ఆ తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లను చూసుకుంటారన్న నమ్మకం లేకపోతే ఇలాంటి బడులు ఒక్కరోజు కూడా నడవవు. వార్డెన్ అంటే పగలంతా పాఠాలు చెప్పిన టీచరే. అర్ధరాత్రి ఐదో తరగతి పిల్లాడు జ్వరంతో మూలిగితే ముందు లేచేది పక్క మంచం మీది టెన్త్ కుర్రాడు. పెత్తనం వద్దంటే ఆ బాధ్యత కూడా పోతుంది. ఆ మాట ఎవరూ రాయరేం?

నీలిరంగు_సిరా:
మాస్టారూ, నైట్ డ్యూటీ అని ఒకటి ఉంటుంది కదా. మూలుగు ఆ డ్యూటీలో ఉన్నవారికి వినపడదా?

కంచుగంట:
ఇది నన్ను వ్యక్తిగతంగా అనడమే. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఇవాళ డాక్టర్లు, తహసీల్దార్లు. కనబడితే కాళ్లకు దండం పెడతారు.

మల్లెతీగ_77:
మూడో ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను చెప్తాను. అమ్మాయిల హాస్టల్లో బకెట్ల గొడవ మాకు తక్కువ. నిజం చెప్పాలంటే పొద్దున్నే మా జడలు వేసింది సీనియర్ అక్కలే, రిబ్బన్లు కూడా వాళ్లే కట్టేవాళ్లు. కానీ ఫోన్ లైన్ దగ్గర మాత్రం నరకం. టెన్త్ అక్క వస్తే మనం పక్కకు జరగాలి. ఆమె వెనక ఇంకో అక్క. ఇంతలో బెల్లు. అవతల ఊళ్లో అమ్మ పక్కింటి వాళ్ల ఫోన్ దగ్గర కాచుకుని కూర్చునేది.

మేం టెన్త్‌కి వచ్చాక ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ దారంతో వేలాడగట్టాం. పేరు రాసుకున్న వరసలోనే మాట్లాడాలి, ఐదు, ఆరు తరగతుల వాళ్లకి మొదటి పావుగంట. మా బ్యాచ్‌లోనే కొందరు నెల రోజులు నాతో మాట్లాడలేదు. పోనీండి, నోట్‌బుక్ మాత్రం నిలబడింది.

లా_పాయింట్:
ర్యాగింగ్ చట్టం గురించి ఎవరైనా ఎత్తేలోపే చెప్తున్నా. అది కాలేజీలకే, స్కూళ్లకు వర్తించదు. 2009 నాటి యూజీసీ నిబంధనలు చూసుకోండి.

చింతచెట్టు_నీడ:
యూజీసీ నిబంధనలు పైచదువులకే, నిజమే. మరి మన రాష్ట్ర చట్టం? ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. అందులో విద్యాసంస్థ అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో బోర్డింగ్ హోమ్, హాస్టల్ కూడా ఉన్నాయి. ఏడిపించినా, అవమానించినా 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చెయ్యి చేసుకుంటే ఏడాది దాకా. లా పాయింట్ అని పేరు పెట్టుకున్నాక కాస్త చదవాలి.

లా_పాయింట్:
పదిహేనేళ్ల పిల్లాణ్ని బకెట్ నీళ్లకు జైల్లో వేస్తారా? పద్దెనిమిది నిండకపోతే జువైనల్ జస్టిస్ బోర్డుకే వెళ్తుంది. సగం చదివి పాఠాలు చెప్పకండి.

చింతచెట్టు_నీడ:
వెయ్యమని నేనెక్కడ అన్నాను? వర్తించదు అన్నది మీరు. ఇప్పుడు బోర్డు దగ్గరికి వచ్చారు. అంటే వర్తిస్తుందని ఒప్పుకున్నట్టేగా.

లా_పాయింట్:
ఒప్పుకోలేదు.

పాత_ట్రంకుపెట్టె:
చట్టాలు పక్కన పెట్టండి. ప్రభుత్వమే సీనియర్లకు ఎక్కువ ఇస్తోంది. తెలంగాణలో 2024లో హాస్టల్ పిల్లల భోజనానికిచ్చే డైట్ చార్జీలు పెంచారు గుర్తుందా? 3 నుంచి 7 తరగతుల వాళ్లకు నెలకి 950 నుంచి 1,330 చేశారు. 8 నుంచి 10 వాళ్లకు 1,100 నుంచి 1,540. పెద్ద పిల్లలకు 210 రూపాయలు ఎక్కువన్నమాట. మరి చికెన్ రోజు రెండు ముక్కలు ఎక్కువ వేయించుకుంటే అంత ఏడుపెందుకు?

నీలిరంగు_సిరా:
మీ లెక్క ప్రకారమే ఎనిమిదో తరగతి వాడికీ 1,540 వస్తోంది. మరి వాడి ప్లేట్లో ఎప్పుడు చూసినా మెడ ముక్కే ఎందుకు పడుతుంది? గరిటె పట్టుకున్నది ఎవరో చెప్పండి.

పాత_ట్రంకుపెట్టె:
వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు. మీకు వడ్డించేవాడు దొరకలేదు, అందుకే ఇంత మంట.

కంచుగంట:
మెస్ కమిటీలో ఏడో తరగతి పిల్లల్ని కూడా వేయాలని నేను అప్పట్లోనే అన్నాను. ఎవరూ వినలేదు. నా మెస్‌లో ఇలాంటివి జరగలేదు.

డేస్కాలర్_బ్యాచ్:
మాది మామూలు జిల్లా పరిషత్ స్కూలు. మాకు ఈ బాధలేం లేవు గానీ ఫేర్‌వెల్‌కి తొమ్మిదో తరగతి వాళ్ల దగ్గర ముక్కుపిండి వసూలు చేసేవాళ్లు. డబ్బులివ్వని వాణ్ని గ్రూప్ ఫోటోలో నిలబడనిచ్చేవాళ్లు కాదు. అన్నట్టు ఎస్పీఎల్‌ని, అంటే స్కూల్ లీడర్‌ని, టెన్త్ నుంచే తీసుకోవాలని రూలు ఏమైనా ఉందా? మా స్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి పోటీ చేస్తానంటే పెద్ద రభస అయింది.

మల్లెతీగ_77:
గెలిచిందా?

డేస్కాలర్_బ్యాచ్:
నామినేషనే వేయనివ్వలేదు. మరుసటి ఏడాది టెన్త్‌కి వచ్చింది, ఎదురు నిలబడినవాళ్లే లేరు.

గోరింట_కొమ్మ:
చికెన్ గురించి నేను అడగలేదండీ. ప్రిన్సిపాల్‌కి చెప్పాలా వద్దా అన్నదానికి ఒక్కరైనా చెప్పండి. నిన్న ఫోన్లో వాడి గొంతు బాగోలేదు.

చింతచెట్టు_నీడ:
చెప్పండి, కానీ పిల్లాడి పేరు ఎత్తకండి. మా చెల్లెలి కొడుకు విషయంలో మేం ఇలాగే చేశాం. పేరెంట్స్ మీటింగ్‌లో ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో కలిసి, డార్మిటరీ వారీగా స్నానాల టైమ్ రాసి గోడకు అంటించమని అడిగాం. ట్యాంకు రెండోసారి నింపించమన్నాం. ఎవరి మీదా ఫిర్యాదు లేదు, నీళ్ల గురించే మాట్లాడాం. సగం పెత్తనం అక్కడే పోయింది. మంచాల సంగతికి మాత్రం దారి దొరకలేదు. కొడుతున్నారని తెలిస్తే అప్పుడు ఇలా మెత్తగా వద్దు, రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. 1098 పిల్లల కోసమే ఉన్న హెల్ప్‌లైన్, ఆ నంబరు వాడికి కూడా నేర్పండి.

పాత_ట్రంకుపెట్టె:
ట్యాంకు రెండోసారి నింపిస్తే కరెంటు బిల్లు ఎవరు కడతారు?

నీలిరంగు_సిరా:
మీ 210 రూపాయల్లోంచి.

గోరింట_కొమ్మ:
నీళ్ల గురించి అడగడం బాగుంది. వచ్చే మీటింగ్‌కి మా ఊరి నుంచి ఇంకో ఇద్దరు తల్లులు వస్తున్నారు, వాళ్లతో ఇప్పుడే మాట్లాడతాను.

కొత్త_సభ్యుడు:
నమస్తే అందరికీ. ఐదో తరగతి గురుకులం ఎంట్రన్స్‌కి మా పాపకు ఏ పుస్తకం కొనాలో చెప్పగలరా?

కంచుగంట:
దాని గురించి నన్ను అడగండి.