మామిడిపండు గుజ్జు, గిలక్కొట్టిన ఐస్ కాఫీ: కలపాలా, వద్దా?

వంటింటి కిటికీ

నా మాట ముందే చెప్పేస్తాను. మామిడిపండుకీ కాఫీకీ చక్కగా కుదురుతుంది. కాకపోతే గుజ్జు గ్లాసు అడుగున ఉండాలి, కాఫీ నురుగు పైన ఉండాలి. రెండింటినీ ఒకే గిన్నెలో వేసి గిలక్కొట్టమనే వీడియోలు ఈ వేసవిలో చాలా తిరుగుతున్నాయి. అలా చేస్తే ఎంతసేపు బీటర్ తిప్పినా పలచగా జారుతూనే ఉంటుంది, గట్టిపడదు.

తెలియనివాళ్ల కోసం: 2020 లాక్‌డౌన్‌లో ఇంటింటా చేసిన డాల్గోనా కాఫీయే ఇది. ఇన్‌స్టంట్ కాఫీ పొడి, పంచదార, వేడినీళ్లు మూడూ సమానంగా తీసుకుని, రంగు లేతగా మారి గట్టిపడేదాకా గిలక్కొట్టి, ఐసు వేసిన చల్లటి పాల మీద పెడతాం. ఆ ఏడాది జనవరిలో కొరియా నటుడు జంగ్ ఇల్ వూ మకావులో ఒక చిన్న కేఫ్‌లో ఇలాంటి కాఫీ తాగడం అక్కడి టీవీలో వచ్చింది, ఆ తర్వాత దీని పేరు పాకిపోయింది. మనకి మాత్రం ఇది కొత్త కాదు. కప్పులో కాఫీ పొడి, పంచదార వేసి, నాలుగు చుక్కల నీళ్లతో చెయ్యి నొప్పెట్టేదాకా చెంచాతో కొట్టి, పైన మరిగే పాలు పోయడం హాస్టల్ గదుల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

కాఫీలో పండేమిటి అనేవాళ్లు కారణం చెప్పండి. కలిపి కొట్టొచ్చు అనేవాళ్లు కొలతలు చెప్పండి.

డికాక్షన్ ప్రియుడు

కారణం నేను చెప్తాను. కాఫీ తాగడంలో సగానికి పైగా వాసనే. మంచి బంగినపల్లి కూడా అంతే, కోయకముందే గదంతా తెలిసిపోతుంది. ఇలాంటి రెండింటిని ఒకే గ్లాసులో పెడితే దేన్నీ పూర్తిగా ఆస్వాదించలేం. కాఫీ చేదు పండు తీపిని అణిచేస్తుంది. పండులో ఉన్న కాస్త పులుపూ కాఫీ చేదుని ఇంకా పైకి లేపుతుంది. నేను తాగి చూసే ఈ మాట అంటున్నాను, చూడకుండా కాదు.

ఇంకోటి. మంచి పండు మనకి ఏప్రిల్ నుంచి జూన్ దాకానే దొరుకుతుంది. చిన్న రసాన్ని చేత్తో పిసికి, ముచ్చిక తీసి జుర్రుకోవాలి. దాన్ని తీసుకెళ్లి ఇన్‌స్టంట్ పొడి కింద పెట్టడం నాకు బాధగా ఉంటుంది. కాఫీ పొద్దున తాగుదాం, పండు మధ్యాహ్నం తిందాం. రెండూ కలిపి తీరాల్సిన అవసరం ఏమొచ్చింది?

పాల ల్యాబ్

డెయిరీ టెక్నాలజీ చదివి పాల పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నచ్చడం నచ్చకపోవడం మీ ఇష్టం. గుజ్జు పడగానే నురుగు ఎందుకు కూలిపోతుందో మాత్రం చెప్తాను.

నురుగంటే గాలి బుడగలు. ఇన్‌స్టంట్ కాఫీలో కరిగే పదార్థాలు కొన్ని, ముఖ్యంగా గింజ వేగినప్పుడు పుట్టే గోధుమరంగు పదార్థాలూ, కొన్ని రకాల పిండిపదార్థాలూ ఆ బుడగల చుట్టూ పొరలా పట్టుకుంటాయి. పంచదార నీటిని చిక్కబరుస్తుంది, బుడగల మధ్య నుంచి నీరు త్వరగా కిందికి దిగనివ్వదు. ఇదంతా కాఫీ చాలా చిక్కగా ఉంటేనే జరుగుతుంది. అందుకే ఫిల్టర్ డికాక్షన్‌ని ఎంత కొట్టినా ఇలా నిలబడదు. అందులో కరిగిన సరుకు తక్కువ, నీళ్లు ఎక్కువ. పైగా ఎంతోకొంత కాఫీ నూనె కూడా ఉంటుంది. నురుగుకి కొవ్వు శత్రువు, గిన్నెకి నెయ్యి జిడ్డున్నా చాలు తేడా తెలుస్తుంది.

ఇప్పుడు గుజ్జు సంగతి. మామిడిపండులో 80 శాతానికి పైగా నీళ్లే. 2 పెద్ద చెంచాల పొడికి మనం పోసేది 2 పెద్ద చెంచాల వేడినీళ్లు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు. అందులో ఇంకో 2 చెంచాల గుజ్జు వేస్తే నీళ్లు దాదాపు రెట్టింపు అవుతాయి. పీచు కూడా చేరుతుంది. ఇక నిలబడే దారి లేదు. నీళ్లు మానేసి మొత్తం గుజ్జుతోనే కొడదామంటే పొడి సరిగ్గా కరగదు.

పాల సంగతి వేరే. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గర విరుగుతుంది. మామిడి గుజ్జు పీహెచ్ చాలావరకు అంతకంటే కిందే ఉంటుంది, కాయ ఎంత పచ్చిగా ఉంటే అంత కిందికి. అయినా మామిడి మిల్క్‌షేక్ విరగడం లేదు కదా అంటారు. పాలు ఎక్కువ, గుజ్జు తక్కువ, అంతా చల్లగా ఉంది, వెంటనే తాగేస్తున్నాం, అందుకే విరగదు. వేడి పాలలో పుల్లటి గుజ్జు కలిపి చూడండి, కళ్లముందే పలుకులు పలుకులుగా అవుతుంది.

చిత్తూరోడు

డికాక్షన్ ప్రియుడు గారూ, మీరు తీసుకున్న పండే దీనికి సరిపోదండీ. బంగినపల్లి తీపి, పైన నురుగులో పంచదార కూడా తీపి. మొహం మొత్తుతుంది. దీనికి కావాల్సింది తోతాపురి, మీ కోస్తాలో కలెక్టర్ అంటారే అది. మా జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలన్నీ నడిచేది దాని మీదే. కోసుకుని తినడానికి అంత గొప్పగా ఉండదు గానీ, దాంట్లో ఉండే లేత పులుపు కాఫీ చేదు పక్కన సరిగ్గా కూర్చుంటుంది. రసాన్ని పాడుచేస్తున్నామన్న బాధ కూడా మీకు ఉండదు.

పాలు విరుగుతాయన్న భయం ఉంటే పాలే వద్దు. గుజ్జులో చల్లటి కొబ్బరిపాలు పోసి, ఐసు వేసి, నురుగు పెట్టండి. మా అమ్మకి పాలు పడవు, ఇలాగే చేసిస్తాను. ఆవిడకి ఇదే ఎక్కువ ఇష్టం.

హ్యూస్టన్ తెలుగమ్మాయి

ఇక్కడ మాకు తాజా పండు దొరికినా రుచి అంతంతమాత్రం, అందుకే డబ్బా గుజ్జే దిక్కు. కేసర్, అల్ఫాన్సో రెండూ ఇండియన్ స్టోర్లలో 850 గ్రాముల డబ్బాల్లో వస్తాయి. లేబుల్ చదవండి, చాలావాటిలో పంచదారా సిట్రిక్ యాసిడ్ రెండూ ఉంటాయి. కాబట్టి పాలలో విడిగా పంచదార వేయొద్దు. నురుగులో పంచదార తగ్గిస్తే నురుగే చెడుతుంది, తగ్గించాల్సింది కింద భాగంలో.

కిటికీ గారూ, మీరు నురుగులో పండు అసాధ్యం అన్నట్టు చెప్పారు. తడి గుజ్జు విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ ఫ్రీజ్ డ్రై చేసిన, అంటే గడ్డకట్టించి నీళ్లు తీసేసిన స్ట్రాబెర్రీ, మామిడి ముక్కలు దొరుకుతాయి. వాటిని మిక్సీలో మెత్తని పొడి చేసి జల్లించి, నురుగు పూర్తిగా తయారయ్యాక చివర్లో 1 చెంచా వేసి గరిటెతో నెమ్మదిగా కలిపితే నురుగు పడిపోదు. అందులో నీళ్లు లేవు కదా.

కాఫీలో పండేమిటి అనేవాళ్లకి ఇంకో మాట. ఈ ఊళ్లో వియత్నాం వాళ్లు చాలామంది. అవకాడోని కండెన్స్‌డ్ మిల్క్‌తో మెత్తగా కొట్టి కాఫీ పోసుకోవడం వాళ్లకి మామూలే. హనోయ్‌లో కొబ్బరి కాఫీ అంటే వెతుక్కుని వెళ్తారు. పోర్చుగల్‌లో చల్ల కాఫీలో నిమ్మరసం పిండుతారు, మజగ్రాన్ అంటారు దాన్ని. వాళ్లందరికీ కాఫీ మీద ప్రేమ లేదనగలమా?

గోదారి గట్టు

ఫ్రీజ్ డ్రై పొడి ఇక్కడ ఆన్‌లైన్లో దొరికినా ధర చూస్తే చెయ్యి రాదు. మనకి నీళ్లు ఇంకిపోయిన మామిడి ఉండనే ఉంది కదండీ: తాండ్ర. ఆత్రేయపురం తాండ్రని కత్తెరతో సన్నగా కత్తిరించి నురుగు మీద చల్లండి. నురుగు చెక్కు చెదరదు, ప్రతి గుక్కకీ పంటికింద మామిడి తగులుతుంది. వేసవి పోయాక కూడా చేసుకోవచ్చు.

డికాక్షన్ ప్రియుడు

తాండ్ర ఆలోచన మంచిదే. కానీ అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

కింద పసుపు, మధ్యలో తెలుపు, పైన గోధుమరంగు. ఫోటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. తాగేటప్పుడు ఏం చేస్తారు? స్ట్రా వేస్తే ముందు గుజ్జు వస్తుంది, తర్వాత పాలు వస్తాయి, కాఫీ గ్లాసు అంచుకి అంటుకుని మిగిలిపోతుంది. కలిపేస్తే ఇందాక మీరే వద్దన్న కలగలుపు అయిపోతుంది, అదీ గాలి పోయి. అంటే పొరలు పొరలుగా ఉన్నప్పుడు అది కాఫీ కాదు, కలిపాక అది మామిడి కాదు. హ్యూస్టన్ అమ్మాయి చెప్పినవాటిలో అవకాడో, కొబ్బరి రెండూ పులుపు లేనివి, వాసన తక్కువ ఉన్నవి. అవి కాఫీని మోస్తాయి, దానితో పోటీ పడవు. మామిడి పోటీ పడుతుంది. నా అభ్యంతరం పండు మీద కాదు, ఈ పండు మీద.

వంటింటి కిటికీ

ఇది సరైన ప్రశ్న. నేను స్ట్రా వేయను. పొడుగాటి చెంచా ఇస్తాను. పైనుంచి కిందిదాకా చెంచా దించి, నురుగూ పాలూ గుజ్జూ కలిసి వచ్చేలా తీసుకోవాలి. నోట్లో ముందు చేదు తగులుతుంది, ఆ వెంటనే చల్లటి పండు. గ్లాసులో కలపడానికీ నోట్లో కలవడానికీ చాలా తేడా ఉందండీ. పెరుగన్నంలో మామిడిపండు నంజుకుంటాం, అన్నంతో కలిపి మిక్సీలో వేయం కదా. పొరలు పెట్టమని నేను మొదటినుంచీ పట్టుబట్టేది ఇందుకే, ఫోటో కోసం కాదు.

పాలమూరు పిలగాడు

అన్నా, మామిడి పోటీ పడుతదంటే సీతాఫలం పెట్టి చూడు. మా దిక్కు బాలానగర్ సీతాఫలం దసరా ముంగట వస్తది. పులుపు లేదు, పాలు విరగవు. గింజలు తీసిన గుజ్జు చల్లటి పాలల్ల కలిపి ఫ్రిజ్‌ల పెట్టి, పైన కాఫీ నురుగు పెడితే ఐస్‌క్రీమ్ తిన్నట్టే ఉంటది. ఒక్కటే జాగ్రత్త, గుజ్జుకు వేడి తగలనియ్యొద్దు, చేదెక్కుతది.

పాల ల్యాబ్

సీతాఫలానికి నా ఓటు కూడా. సపోటా, అరటి కూడా పాలకి ఇబ్బంది పెట్టవు. సపోటాలో ఉండే బెల్లంలాంటి తీపి కాఫీకి దగ్గరగా ఉంటుంది. మామిడి కంటే అదే బాగా కుదురుతుందని నా అభిప్రాయం.

ఉడికించని అనాస, బొప్పాయి, కివీ మాత్రం పాలతో వద్దు. వాటిలో ప్రోటీన్లని ముక్కలు చేసే ఎంజైములు ఉంటాయి. కాసేపు ఉంచితే పాలు చేదెక్కుతాయి. అనాస వేయాలనే ఉంటే ముక్కలు ఉడికించి చల్లార్చి వాడండి, వేడికి ఆ ఎంజైము పనిచేయదు. పులుపు మాత్రం అలాగే ఉంటుంది, కాబట్టి కొబ్బరిపాలతో వెళ్లండి.

ఇద్దరు పిల్లల అమ్మ

రుచి గురించి ఇంతమంది మాట్లాడారు, కాఫీ ఎంత పడుతోందో ఎవరూ అనలేదు. 2 పెద్ద చెంచాల ఇన్‌స్టంట్ పొడి అంటే 200 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 దాటకుండా చూసుకోమని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్తోంది. అంటే ఒక్కరే తాగితే రోజులో సగం అయిపోయినట్టే. ఇక 2 పెద్ద చెంచాల పంచదార దాదాపు 25 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఆ దగ్గరలో ఉంటే మంచిదంటుంది. గుజ్జు తీపి దీనికి అదనం.

మామిడి రంగు చూసి పిల్లలు మాకూ కావాలంటారు. వాళ్లకి ఇది ఇవ్వొద్దు. గుజ్జు, పాలు, ఐసు వేసి, కాఫీ బదులు చల్లటి క్రీము గిలక్కొట్టి పెట్టండి. గ్లాసు అలాగే కనిపిస్తుంది, వాళ్లు సంతోషిస్తారు. సాయంత్రం 5 దాటాక పెద్దవాళ్లు కూడా తాగకపోతే రాత్రి నిద్ర పడుతుంది.

వంటింటి కిటికీ

అక్కా, చాలా అవసరమైన మాట చెప్పారు. మా ఇంట్లో ఆ 2 చెంచాల పొడితో వచ్చిన నురుగుని నాలుగు గ్లాసులకి సర్దుతాను. అది ముందే రాయాల్సింది.

ఇక్కడివన్నీ చదివాక నా పద్ధతి ఇలా ఉంది. నలుగురికి: తోతాపురి గుజ్జు 1 కప్పు, వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. పంచదార వేయొద్దు. కాచి బాగా చల్లార్చిన పాలు 3 కప్పులు, లేదా కొబ్బరిపాలు. ఇన్‌స్టంట్ పొడి, పంచదార, వేడినీళ్లు 2 పెద్ద చెంచాల చొప్పున జిడ్డు లేని గిన్నెలో వేసి, బీటర్ ఎత్తితే కొన నిలబడేదాకా కొట్టాలి. గ్లాసులో ముందు గుజ్జు, దాని మీద ఐసు, ఐసు మీద నుంచి నెమ్మదిగా పాలు, చివర్లో నురుగు. పైన తాండ్ర. చేసిన వెంటనే తాగేయాలి. చికోరీ కలిసిన పొడి వాడేవాళ్లు డబ్బా మీద శాతం చూసుకోండి, కాఫీ ఎక్కువున్నది తీసుకుంటే నాకు నురుగు బాగా వస్తోంది.

డికాక్షన్ ప్రియుడు

సీతాఫలం వచ్చాక చేసి చూస్తాను. మామిడి విషయంలో నా మాట మారలేదు. నా మటుకు పండ్ల ఐస్ కాఫీ కావాలంటే అరకు పొడితో చిక్కటి డికాక్షన్ తీసి, చల్లార్చి, ఐసు నింపిన గ్లాసులో సగందాకా బత్తాయి రసం పోసి, పైన ఈ డికాక్షన్ వదులుతాను. పాలు లేవు కాబట్టి విరిగేది లేదు. పంచదార అక్కర్లేదు. గిలక్కొట్టే పనీ లేదు.

చిత్తూరోడు

గిలక్కొట్టకపోతే ఈ చర్చలోకి రాదు కదండీ అది! అయినా బత్తాయితో రేపే చేస్తాను. డికాక్షన్‌కి పొడి ఎంత, నీళ్లు ఎంత?

డికాక్షన్ ప్రియుడు

3 పెద్ద చెంచాలు నిండుగా, మరిగిన నీళ్లు 100 మిల్లీలీటర్లు. ఫిల్టర్‌లో పొడిని గట్టిగా అదమకండి. పూర్తిగా దిగేదాకా ఆగి, చల్లారాకే ఐసు మీద పోయండి.