టర్కీ వారపు సంతలో టమాటాలు మనమే ఏరుకోవాలా, అమ్మేవారు వేసినవే తీసుకోవాలా?

ఇజ్మీర్ గృహిణి:

ఇజ్మీర్ నగరం కర్షియాకా ప్రాంతంలోని బోస్తాన్లిలో ప్రతి బుధవారం పెద్ద సంత జరుగుతుంది. అక్కడికి, లేదా టర్కీలో మరే వారపు సంతకైనా వెళ్లే తెలుగువారిని ఒక మాట అడగదలిచాను. ఆ అంగళ్లలో టమాటాలు, వంకాయలు, పీచ్ పండ్లు మెట్లుమెట్లుగా పేర్చి, పాడైనది ఒక్కటీ కనబడకుండా, చూడగానే కొనాలనిపించేలా ఉంచుతారు. అయితే రెండు కిలోలు కావాలంటే అమ్మే మనిషి ఆ ముందు వరుసను ముట్టుకోడు. తన వైపున్న గుట్టలోంచి తీసి, సంచిలో వేసి, తూచి, ముడివేసి చేతికిస్తాడు. ఇంటికి తెచ్చి విప్పితే అడుగున నలిగినవీ, ఒక పక్క మెత్తబడినవీ కనిపిస్తాయి. మనమే చెయ్యి చాపితే ఏరవద్దంటాడు. అదే సంతలో నాలుగు అడుగులు ముందుకు వేస్తే, చీజ్ అమ్మేవారు ముక్క కోసి ఇచ్చి రుచి చూడమంటారు, ఆలివ్ కాయలు తిని చూసి నచ్చితేనే కొనమంటారు. ధర చీటీని ఏ సరుకు మీద గుచ్చారో ఆ సరుకే ఇవ్వాలి, లేదా కొనేవారిని ఏరుకోనివ్వాలి అని నా వాదం.

మదనపల్లె టమాటా:

గృహిణి గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీ వాదంతో ఏకీభవించలేను. మాది టమాటా పండించే కుటుంబం. ఇప్పుడు ఉద్యోగరీత్యా ఇజ్మీర్‌లోనే ఉంటున్నాను కాబట్టి రెండు పక్కలా చూసిన మాట చెబుతున్నాను.

హోల్‌సేల్ మార్కెట్‌లో అంగడివాడు కొనేది క్రేట్ల లెక్కన. ఆ క్రేటులో గట్టివీ ఉంటాయి, పండినవీ ఉంటాయి, ప్రయాణంలో కింద పడి ఒత్తుకుపోయినవీ కొన్ని ఉంటాయి. అన్నిటికీ కలిపి ఇచ్చిన ధర మీద తన ఖర్చూ లాభమూ వేసుకుని అతను ఒకే చీటీ రాస్తాడు. అంటే ఆ చీటీ మీది ధర ఏరిన సరుకు ధర కాదు, కలగలుపు సరుకు ధర. పొద్దున వచ్చినవారంతా మంచివి ఏరుకుపోతే మధ్యాహ్నానికి అతని దగ్గర మిగిలేది ఆ ధరకు ఎవరూ కొనని సరుకు. ఆ నష్టం ఎక్కడికీ పోదు, మరుసటి వారం చీటీ మీదికే ఎక్కుతుంది.

ఇంకొక సంగతి, చేతులతో నొక్కి చూడటం. వేసవిలో ఇక్కడ ఇష్టంగా కొనే గులాబీ రంగు టమాటా తొక్క చాలా పలచన. చలికాలంలో అంతల్యా వైపు గ్రీన్‌హౌస్‌ల నుంచి వచ్చే గట్టి రకంలా అది దెబ్బలకు తట్టుకోదు. పదిమంది బొటనవేలితో నొక్కి వదిలేసిన కాయ సాయంత్రానికి నీరు కారుతుంది. మన ఊళ్లలో బెండకాయ కొస విరిచి చూసి, ముదురుగా ఉంటే గుట్టలోనే పడేసి వచ్చే అలవాటు మనందరికీ ఉంది. ఆ విరిగిన కాయను తరువాత ఎవరు కొంటారని ఆగి ఆలోచించేవారు తక్కువ. ఇక్కడి అంగడివాడు చెయ్యి పెట్టనివ్వకపోవడంలో మోసం చూసే ముందు ఆ కాయ గురించి కూడా ఆలోచించమని నా మనవి.

ఫాతిహ్ విద్యార్థిని:

నేను ఇస్తాంబుల్‌లో చదువుకుంటున్నాను, ఫాతిహ్‌లో బుధవారం వీధుల పొడవునా సాగే సంతలో కొంటాను. మదనపల్లె గారు చెప్పిన లెక్క సరైనదే కావచ్చు కానీ, ఆ కలగలుపు అందరి సంచుల్లోకీ సమానంగా వెళ్లడం లేదు. ఏళ్ల తరబడి వచ్చే పెద్దావిడకు అంగడివాడు తానే ముందు వరుసలోంచి మంచివి తీసి వేస్తాడు. యాస తెలియని మాలాంటివారికీ, సిరియా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకూ వెనక గుట్ట నుంచి వేస్తాడు. ఏరుకోవడాన్ని నిషేధిస్తే ఏరడం ఆగిపోదు. ఏరే అధికారం అమ్మేవాడి ఒక్కడి చేతికి వెళుతుంది, అంతే.

దీనికి విరుగుడు కూడా ఆ సంతలోనే ఉంది. కొందరు రెండు గుట్టలు పోసి రెండు చీటీలు పెడతారు: ఏరుకునేదానికి ఎక్కువ ధర, కలగలుపుకు తక్కువ. మరికొందరు అడగగానే ఖాళీ సంచి మన చేతికే ఇస్తారు, అది ఏరుకోమని అనుమతి. నేను రెండో గుట్టలోనే కొంటాను, నా డబ్బుకు అదే తగినది. అక్కడ మెత్తటి కాయ వచ్చినా నాకు కోపం రాదు, ఎందుకంటే ముందే చెప్పి అమ్మారు.

ఇజ్మీర్ గృహిణి:

విద్యార్థిని గారు నా మనసులోని మాటను నాకంటే స్పష్టంగా చెప్పారు. మదనపల్లె గారూ, కలగలుపు ధర అన్న మీ మాటను ఒప్పుకుంటాను. అలాంటప్పుడు కలగలుపునే ముందు పేర్చి చూపించాలి కదా? టర్కీలో సంత సరుకుకు ధర చీటీ తప్పనిసరి, సరుకు ఎక్కడ పండిందో తెలిపే వివరమూ ఉండాలి, నగరపాలక సిబ్బంది వచ్చి తనిఖీ చేస్తారు. ఇంత పకడ్బందీగా చీటీ రాయించి, ఆ చీటీని కొనేవాడికి ఇవ్వని కాయల మీద గుచ్చితే దాని వల్ల ప్రయోజనం ఏమిటి? ఇక్కడ ప్రతి వీధి మలుపులో బిమ్, ఏ101 వంటి చవక దుకాణాలు వెలిశాయి. అక్కడి కూరగాయలు సంత సరుకంత తాజాగా ఉండవు, అయినా జనం తామే ఏరుకోవచ్చని వెళుతున్నారు. నాకు సంత మీద అభిమానం ఉంది కాబట్టే ఇంతగా వాదిస్తున్నాను.

తీరె బాటసారి:

ఈ చర్చ టమాటాల దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఒక్క మాట. ఇజ్మీర్ బస్మనే స్టేషన్ నుంచి రైల్లో వెళ్లగలిగిన తీరె పట్టణంలో మంగళవారం సంత ఊరి వీధులన్నీ నింపేస్తుంది. చలికాలం చివర, వసంతంలో చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు దురదగొండిలా కుట్టే ఆకు, అడవి సోంపు, ముళ్ల దుంపకూర వంటివి కొండల మీద కోసి తెచ్చి, నేల మీద గుడ్డ పరచి అమ్ముతారు. వాళ్ల దగ్గర ముందు వరుస, వెనక వరుస అంటూ ఏమీ ఉండవు. ముళ్లు గీసేసి శుభ్రం చేసిన కూరకు ఒక ధర, చేయనిదానికి ఒక ధర చెబుతారు, ఎలా వండాలో కూడా చెబుతారు. అక్కడ ఏరబోవడం నిజంగా తప్పే. మధ్యవర్తి నుంచి కొనడానికీ, కోసుకొచ్చిన మనిషి నుంచే కొనడానికీ ఒకే నియమం పెట్టకండి.

మదనపల్లె టమాటా:

రెండు గుట్టల పద్ధతిని నేనూ సమర్థిస్తాను; గృహిణి గారి చీటీ వాదన కూడా న్యాయమైనదే. అయితే ఒక్క విషయం దగ్గర నేను వెనక్కి తగ్గను. సాయంత్రం సంత ఎత్తేసే వేళకు ధర దిగుతుంది, పింఛను మీద బతికే వృద్ధులు ఆ వేళ కోసమే ఆగి వస్తారు. 2022 అక్టోబరులో అధికారిక ద్రవ్యోల్బణమే 85 శాతం దాటిన దేశమిది. అలా ఆగేవారు తక్కువమంది కారు. పగలంతా ఏరుడు సాగితే వాళ్లకు మిగిలేది నలిగిన కాయలే. కాబట్టి రెండో గుట్ట పొద్దున్నే విడిగా పోసి ఉండాలి, మొదటి గుట్టలో ఏరగా మిగిలినదాన్ని తెచ్చి అందులో కలపకూడదు.

ఫాతిహ్ విద్యార్థిని:

ఆ షరతుకు నేను ఒప్పుకుంటాను. అది అమలయ్యే వరకు కొత్తవారు ఒక పని చేయవచ్చు: సంచి ముడి వేయకముందే, డబ్బు చేతికి ఇవ్వకముందే లోపలికి చూసి, పాడైన కాయను మర్యాదగా తీసి పక్కన పెట్టండి. నేను కొనే చోట ఎక్కువమంది మారు మాట్లాడకుండా మార్చి ఇస్తున్నారు.

ఇజ్మీర్ గృహిణి:

వచ్చే బుధవారం అలాగే చేస్తాను. అయినా ముందు వరుస మీది చీటీ సంగతి తేలలేదు. దాని మీద ఇంకా ఎవరైనా రాస్తే చదువుతాను.