46 కిలోల అత్తగారికి అపిక్సబాన్ 5 ఎక్కువా?

రాయగడ కోడలు:
మా అత్తగారికి 74 ఏళ్లు, బరువు 46 కిలోలు, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.1. గుండె లయ తప్పిందని, అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని ఈసీజీలో తేలింది. గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రాకుండా విశాఖ డాక్టరు గారు రక్తం పలచబరిచే అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు రెండు పూటలా రాశారు. ఇక్కడి డాక్టరు గారు చీటీ చూసి, "ఇంత సన్నటి మనిషికి 2.5 చాలమ్మా" అన్నారు. ఎవరి మాట వినాలి? మావారు సగం వేద్దామంటున్నారు.

పర్లాకిమిడి మందుల షాపు:
సగమే మేలు. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో యాభై కిలోలు దాటినవారే తక్కువ. అర్ధరాత్రి మలంలో రక్తం పడితే ఏం చేస్తారు? బరంపురం పెద్దాసుపత్రికి చేరేసరికి తెల్లవారుతుంది.

గుణుపురం మాస్టారు:
అసలు ఇంత ఖరీదైన మందెందుకు? రోజూ ఒక ఆస్పిరిన్ వేస్తే సరిపోదా?

విశాఖ ఫిజీషియన్:
మాస్టారూ, సరిపోదు. ఆస్పిరిన్‌నూ అపిక్సబాన్‌నూ నేరుగా పోల్చిన అవెరోస్ ట్రయల్ 2011లో వచ్చింది. అపిక్సబాన్ వేసుకున్నవారిలో పక్షవాతం సగానికి పైగా తగ్గింది. పెద్ద రక్తస్రావాలు రెండు వైపులా దాదాపు సమానం.

ఇక అమ్మా, మీ ప్రశ్న. అపిక్సబాన్ 2.5కి తగ్గించాలంటే మూడింటిలో రెండు ఉండాలి: వయసు 80 లేదా ఆ పైన, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా ఎక్కువ. మీ అత్తగారికి బరువు ఒక్కటే వర్తిస్తోంది. కాబట్టి 5 మిల్లీగ్రాములే సరైన మోతాదు. సగం వేస్తే పక్షవాతం నుంచి పూర్తి కాపు దక్కదు, రక్తస్రావం భయమూ పూర్తిగా పోదు.

పర్లాకిమిడి మందుల షాపు:
డాక్టరు గారూ, ఆ నియమం ఎవరి ఒంటిని చూసి పెట్టారు? అపిక్సబాన్‌ను వార్ఫరిన్ అనే పాత రక్తం పలచబరిచే మందుతో పోల్చిన అరిస్టాటిల్ ట్రయల్‌లో సగటు మనిషి 80 కిలోల పైమాటే. జపాన్‌లో 80 దాటిన బక్కపలచని పెద్దలకు ఇదే కోవ మందు ఎడాక్సబాన్ 15 మిల్లీగ్రాములే ఇచ్చారు, 2020లో ఫలితాలు వచ్చాయి. పక్షవాతం తగ్గింది కదా!

విశాఖ ఫిజీషియన్:
తగ్గింది. కానీ అక్కడ పోల్చింది ఉత్తుత్తి మాత్రతో, పూర్తి మోతాదుతో కాదు. పైగా వారంతా మామూలు మోతాదు తట్టుకోలేరని ముందే తేల్చినవారు. అరిస్టాటిల్‌లోని 18,201 మందిలో పదో వంతుకు పైగా 60 కిలోలు మించనివారే. వయసు, బరువు, క్రియాటినిన్‌లలో ఒక్కటి మాత్రమే ఉన్నవారికి 5 మిల్లీగ్రాములు వార్ఫరిన్ కంటే మేలేనని అదే ట్రయల్ లెక్కలు 2016లో చూపాయి.

అయితే షాపు వారి భయంలో నేను కొట్టిపారేయలేని అంశం ఒకటుంది. క్రియాటినిన్ 1.1 అంటే రిపోర్టులో ఎర్రగీత ఉండదు. కానీ వయసు, బరువు కలిపి కాక్‌క్రాఫ్ట్ సూత్రంతో లెక్కిస్తే ఈమె కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 33 మిల్లీలీటర్లే. ఇదే మనిషికి ఇదే కోవకు చెందిన రివరాక్సబాన్ రాస్తే 20 బదులు 15 ఇవ్వాలి. అపిక్సబాన్‌కు మాత్రం యూరప్ నియమంలో 30 కంటే దిగితేనే తగ్గింపు, అమెరికా నియమంలో ఆ గీతే లేదు. ఎండాకాలం విరేచనాలు పట్టుకుంటే ఆ 33 ఎంతసేపు నిలుస్తుంది? అందుకే మూడు నెలలకోసారి క్రియాటినిన్ చూడండి, జబ్బు చేస్తే వెంటనే చూడండి. తగ్గించాల్సి వస్తే రాసిన డాక్టరు తగ్గించాలి, మీవారు కాదు.

రెండు ప్రశ్నలు. ఎకోలో (గుండె స్కాన్‌లో) మైట్రల్ అనే గుండె కవాటం ఇరుకైందని ఉందా? కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల వచ్చిన ఇరుకైతే ఈ మందు పనికిరాదు, వార్ఫరిన్ వాడి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) 2, 3 మధ్య ఉంచాలి. మోకాళ్ల నొప్పులుంటే వాటికి ఏం వేస్తున్నారు?

రాయగడ కోడలు:
కవాటాలు బాగున్నాయని రాశారు. నొప్పికి డైక్లోఫెనాక్, ఎక్కువ నొప్పిగా ఉన్న రోజు రెండు.

విశాఖ ఫిజీషియన్:
ముందు అది ఆపాలి. కడుపులో రక్తం కారడానికి అసలు తోడు అదే. పారాసిటమాల్, కాపడం చాలు. తగ్గకపోతే ఆ డాక్టరు గారినే అడగండి.

పర్లాకిమిడి మందుల షాపు:
చీటీలో 5 ఉంటే నేను 5 మాత్రే ఇస్తాను. డైక్లోఫెనాక్ అడిగితే ఇవ్వను. 46 కిలోలకూ 86 కిలోలకూ ఒకటే మాత్ర అంటే మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.